రెక్టిఫై: వంకర తీసే మాట

మీ ప్రశ్న – మా జవాబు

చూడటానికి ఒకటే మాట, వాడేచోట నాలుగు అర్థాలు. అలాంటి ఇంగ్లిషు మాటలు తగిలితే రాయమని పోయిన నెల అడిగాం. చెన్నై నలుమూలల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ‘రెక్టిఫై’ చుట్టూనే తిరిగాయి. ఒకరికి అది బడిలో పాఠం, ఒకరికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పత్రం, ఇంకొకరికి మెకానిక్ విప్పి చేతిలో పెట్టిన అల్యూమినియం డబ్బా. భాష, దస్తావేజులు, పన్నులు, పద్దులు, కరెంటు... ఏ పని తెలిసినవారు ఆ ప్రశ్నకు జవాబు రాశారు.

ప్రశ్న: కరెక్ట్, రిపేర్, రెక్టిఫై... మూడింటికీ పిల్లలకు ‘సరిచేయు’ అనే చెబుతున్నాను. ‘ఐ రెక్టిఫైడ్ ద ఫ్యాన్’ అని ఒక పిల్లవాడు రాశాడు. తప్పని తెలుస్తోంది గానీ ఎందుకు తప్పో చెప్పలేకపోయాను. – ఉపాధ్యాయురాలు, పెరంబూరు

జవాబు: రెక్టిఫై తర్వాత వచ్చే మాట లోపం పేరై ఉండాలి, లోపమున్న వస్తువు పేరు కాదు. ఫ్యాన్‌ను రిపేర్ చేస్తాం, ఫ్యాన్‌లోని ఫాల్ట్‌ను రెక్టిఫై చేస్తాం. మిస్టేక్, ఎర్రర్, ఒమిషన్, డిఫెక్ట్, ఇంబ్యాలెన్స్, సిచ్యుయేషన్... దాని పక్కన ఒదిగేవి ఇవి. కరెక్ట్‌కు ఈ పట్టింపు లేదు. తప్పును కరెక్ట్ చేయవచ్చు, తప్పులున్న వ్యాసాన్నీ కరెక్ట్ చేయవచ్చు, అల్లరి పిల్లవాణ్నీ కరెక్ట్ చేయవచ్చు. పిల్లవాణ్ని మాత్రం రెక్టిఫై చేయలేం. డౌట్‌నూ రెక్టిఫై చేయరు, క్లియర్ చేస్తారు. ఫిక్స్ అనేది ఇంట్లోనూ వీధిలోనూ మాట్లాడే మాట. ఆఫీసు కాగితం మీద అదే పని రెక్టిఫై పేరుతో జరుగుతుంది.

ఈ నియమానికి మినహాయింపులున్నాయి. చట్టంలో దస్తావేజును, రిజిస్టరును రెక్టిఫై చేస్తారు. విద్యుత్తులో కరెంటును, బట్టీలో స్పిరిట్‌ను కూడా. ఇక్కడ వస్తువే కర్మగా నిలబడుతోంది. ఎందుకో తెలియాలంటే మాట పుట్టుక చూడాలి. లాటిన్‌లో ‘రెక్టుస్’ అంటే తిన్ననిది, ‘ఫాకెరె’ అంటే చేయడం. రెంటినీ కలిపితే తిన్నగా చేయడం. కరెక్ట్, డైరెక్ట్, ఎరెక్ట్, రెక్టాంగిల్ అన్నీ ఆ ఇంటివే. సంస్కృతంలోని ‘ఋజు’ కూడా ఆ వంశానిదే, ఇంగ్లిషు ‘రైట్’ కూడా. మనకు ఋజువు అంటే వంకర లేనిది అనీ, నిదర్శనం అనీ రెండర్థాలున్న సంగతి పిల్లలకు ఈ సందర్భంలోనే చెప్పేయవచ్చు.

తెలుగులో దీనికి అచ్చంగా సరిపోయే మాట ‘దిద్దు’. పలక మీద అయ్యవారు రాసిన అక్షరం ఉంటుంది, దాని గీత వెంటే పిల్లవాడు బలపంతో పోతాడు. గీత ముందే ఉంది, చేయి పక్కకు పోతే మళ్లీ దాని మీదికి తేవాలి. రెక్టిఫై చేసే పనీ అంతే: ఉండాల్సిన రూపం ముందే ఖాయమై ఉంటుంది, జరిగినది దాన్నుంచి పక్కకు పోయి ఉంటుంది. ఉద్దేశాన్నే మార్చుకుంటే అది రెక్టిఫై కాదు, అమెండ్. రాజ్యాంగాన్ని 368వ అధికరణం కింద మార్చడాన్ని అమెండ్‌మెంట్ అంటారు గానీ రెక్టిఫికేషన్ అనరు. అందుకే తెలుగులో అమెండ్‌కు సవరించు, రెక్టిఫైకి సరిదిద్దు అని విడదీసి చెప్పడం మేలు. పత్రికలు ఈ రెంటినీ కలగలిపేస్తున్నాయి, మాదీ మినహాయింపు కాదు.

ప్రశ్న: మా ఆఫీసులో ఒకరు ‘ప్లీజ్ ర్యాటిఫై ద ఎర్రర్’ అని మెయిల్ పెట్టారు. మేనేజర్ నవ్వి ఊరుకున్నారు. తేడా ఏమిటి? – ఉద్యోగి, గిండీ

జవాబు: ర్యాటిఫై అంటే ఆమోదముద్ర వేయడం. ఆ మెయిల్‌కు అర్థం ‘అయ్యా, ఈ తప్పును తప్పుగానే ఖాయం చేయండి’ అని! అధికారం లేనివారు ముందు చేసేసిన పనిని అధికారం ఉన్నవారు తర్వాత ఒప్పుకోవడం ర్యాటిఫికేషన్. దేశాలు ఒప్పందాలకు చేసేదీ అదే. పలకడంలో రెక్టిఫైకి ఊనిక మొదటి అక్షరం మీద పడుతుంది, రెక్టిఫికేషన్ అన్నప్పుడు ‘కే’ మీదికి జరుగుతుంది.

పనిలో పనిగా ఒక మాట. ‘కైండ్లీ రెక్టిఫై ద సేమ్’ అని రాసే అలవాటు మానుకోండి. ఆ ‘సేమ్’ ఏమిటో అవతలివారు పై మూడు మెయిళ్లు తిరగేసి పట్టుకోవాలి. తప్పు ఎక్కడుంది, ఇప్పుడు ఏముంది, ఏముండాలి, ఎప్పటికి కావాలి... ఈ నాలుగూ ఒకే వాక్యంలో పడితే పని అవుతుంది. ‘ఇన్‌వాయిస్ 3వ వరుసలో పరిమాణం 12 అని ఉంది, మా ఆర్డర్ 21, శుక్రవారంలోగా సరిదిద్ది పంపండి’ అన్నాక కైండ్లీ ఉన్నా లేకపోయినా ఫరవాలేదు.

ప్రశ్న: కొన్నేళ్ల కిందట కొన్న స్థలం దస్తావేజులో సర్వే నంబరు 114/2 బదులు 141/2 అని పడింది. బ్యాంకు లోను ఆపేసింది. రెక్టిఫికేషన్ డీడ్ చాలని డాక్యుమెంట్ రైటర్ అంటున్నారు, మళ్లీ సేల్ డీడ్ రాయించుకోవాలని మా బావమరిది పట్టుబడుతున్నాడు. అమ్మినాయన ఇప్పుడు నెల్లూరులో ఉన్నారు. – పాఠకుడు, కొళత్తూరు

జవాబు: రైటర్ చెప్పిందే సరైనది, అయితే దానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది. తప్పు మీ దస్తావేజులోనే పుట్టిందా, పైనుంచి వచ్చిందా చూడండి. మీకు అమ్మినాయన కొన్నప్పటి మూల పత్రం తీసి షెడ్యూలు, అంటే ఆస్తి వివరాలు రాసిన భాగం చదవండి. అందులో 114/2 అని ఉంటే తప్పు మీ దగ్గర మొదలైంది, ఒక్క డీడ్‌తో పోతుంది. అందులోనూ 141/2 అని ఉంటే మీ ఒక్క పత్రం దిద్దితే చాలదు, తప్పు మొదట పడిన పత్రం దగ్గరికి వెళ్లాలి. పట్టా, ఎఫ్‌ఎంబీ స్కెచ్ (సర్వే కొలతల పటం) పక్కన పెట్టుకుని నాలుగు హద్దులూ కొలతలూ సరిపోతున్నాయో లేదో చూడండి. నంబరు తప్పు పడినా హద్దులు సరిగ్గా ఉంటే మీ వాదనకు అదే పెద్ద బలం. మీరు కొనదలచింది ఏ నేలో ఆ హద్దులే చెబుతాయి.

తమిళంలో ఈ పత్రాన్ని ‘పిళై తిరుత్తల్ పత్తిరం’ అంటారు. పిళై అంటే తప్పు, తిరుత్తల్ అంటే దిద్దడం. మన దిద్దు, వాళ్ల తిరుత్తు అక్కాచెల్లెళ్లే. ఆఫీసులో ఈ పేరుతో అడిగితే త్వరగా దారి చూపిస్తారు.

డీడ్‌లో మొదట పాత దస్తావేజు నంబరు, సంవత్సరం, రిజిస్టరైన తేదీ, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పేరు రాస్తారు. తర్వాత తప్పు ఎలా పడిందో ఒక్క వాక్యం. అసలు గుండె ఈ భాగం: ‘పై దస్తావేజు 4వ పేజీ 11వ వరుసలో సర్వే నెం. 141/2 అని ఉన్నదానిని సర్వే నెం. 114/2 అని చదువుకొనవలెను. మిగిలిన షరతులన్నియు యథాతథము.’ కింద సరైన షెడ్యూలు మొత్తం మళ్లీ రాయించండి. కొందరు రైటర్లు తప్పు ముక్క ఒక్కటే రాసి వదిలేస్తారు. రేపు బ్యాంకు లాయరు రెండు పత్రాలూ పక్కపక్కన పెట్టుకుని కుస్తీ పట్టాల్సి వస్తుంది.

పాత దస్తావేజు మీద ఎవరెవరు సంతకం చేశారో వాళ్లందరూ ఇందులోనూ చేయాలి. మీరొక్కరే రాసుకుంటే అది చెల్లదు. నెల్లూరు నుంచి ఆయన రాలేకపోతే, ఈ ఒక్క పనికే పరిమితమైన పవర్ ఆఫ్ అటార్నీ అక్కడి సబ్ రిజిస్ట్రార్ దగ్గర రాయించి ఇక్కడి మనిషికి ఇవ్వవచ్చు. ఆయన ఒకవేళ కాలం చేసి ఉంటే వారసులందరూ కలిసి రావాలి, ఒక్క కొడుకుతో సరిపోదు. ఆస్తి ఏ ఆఫీసు పరిధిలో ఉందో అక్కడే రిజిస్ట్రేషన్. అసలు దస్తావేజు, గుర్తింపు కార్డులు, ఇద్దరు సాక్షులు ఉండాలి.

స్టాంపు ఖర్చు దగ్గరే చాలామంది దెబ్బతింటారు. అక్షరదోషం, నంబరు, హద్దు దిక్కు తారుమారు కావడం లాంటివైతే ఖర్చు తక్కువ. కానీ 1,200 చదరపు అడుగులను 1,400 చేసినా, కొత్త పేరు చేర్చినా, ధర మార్చినా అది దిద్దుబాటు ముసుగులో జరిగిన కొత్త బదిలీ. దానికి పూర్తి స్టాంపు సుంకం అడుగుతారు, అడగడం న్యాయం కూడా. మీ బావమరిదిగారు చెప్పిన సేల్ డీడ్ అలాంటి చోట అవసరం, మీకు కాదు. పైగా మీకూ అమ్మినాయనకూ మధ్య అమ్మకం ఒకసారి అయిపోయింది. అదే నేలను అదే మనిషి మీకు రెండోసారి అమ్మడమేమిటని రేపు కొనేవాళ్లు అనుమానిస్తారు.

అమ్మినాయన సంతకానికి ఒప్పుకోకపోతే 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 26వ సెక్షన్ కింద కోర్టుకు వెళ్లాలి. మోసం వల్లగానీ, ఇరుపక్షాల పొరపాటు వల్లగానీ పత్రంలోని రాత వాళ్ల అసలు ఉద్దేశాన్ని చెప్పలేకపోతే కోర్టు దాన్ని దిద్దగలదు. రెండు షరతులు మరవకండి. దిద్దమని దావాలో ప్రత్యేకంగా అడగాలి, అడగనిది కోర్టు ఇవ్వదు. ఈ మధ్యలో మంచి నమ్మకంతో డబ్బిచ్చి హక్కు పొందిన మూడో మనిషి ఉంటే అతనికి నష్టం కలిగేలా దిద్దరు. అందుకని నాన్చకండి.

రిజిస్ట్రేషన్ అయ్యాక విల్లంగ సర్టిఫికెట్ తీసి చూడండి, అదే ఈసీ, ఆస్తి మీద రిజిస్టరైన పత్రాల జాబితా. పాత దస్తావేజూ, దిద్దిన దస్తావేజూ రెండూ అందులో కనిపించాలి. ఆ తర్వాతే బ్యాంకుకు వెళ్లండి. ఇకమీదట ఆ రెండు కాగితాలూ విడిపోని జంట. అమ్మినా తాకట్టు పెట్టినా రెండూ కలిపే ఇవ్వాలి.

ప్రశ్న: నేను పెన్షనర్‌ని. బ్యాంకు టీడీఎస్ (ముందే కోసే పన్ను) పట్టుకుంది, రిటర్నులో చూపించాను. అయినా బెంగళూరు సీపీసీ (రిటర్నులు పరిశీలించే ఆదాయపు పన్ను కేంద్రం) నుంచి వచ్చిన ఇంటిమేషన్‌లో ఆ టీడీఎస్ సున్నా చూపించి పన్ను కట్టమన్నారు. రెక్టిఫికేషన్ వేయాలా, రివైజ్డ్ రిటర్ను వేయాలా? – పాఠకుడు, విల్లివాక్కం

జవాబు: తప్పు ఎవరి కాగితంలో ఉందో ముందు తేల్చుకోండి. మీ రిటర్నులో మీరే ఏదైనా మరచిపోతే, ఉదాహరణకు సేవింగ్స్ వడ్డీ చూపకపోయినా 80సీ మినహాయింపు అడగకపోయినా, దారి రివైజ్డ్ రిటర్ను, అదీ గడువులోపల. మీరు సరిగ్గా ఇచ్చినదాన్ని వాళ్ల ఆర్డరు తప్పుగా లెక్కిస్తే దారి రెక్టిఫికేషన్. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో ఇది 154వ సెక్షన్. రికార్డు చూడగానే కనిపించే తప్పు అయి ఉండాలని దాని షరతు. అదేమిటో సుప్రీంకోర్టు 1971లో వోల్కార్ట్ బ్రదర్స్ కేసులో విప్పి చెప్పింది: తప్పు కొట్టొచ్చినట్టు కనబడాలి, రెండు అభిప్రాయాలకు చోటున్న అంశం మీద సుదీర్ఘ వాదనతో తేల్చాల్సినది ఈ కోవలోకి రాదు. అంటే రెక్టిఫికేషన్ అర్జీలో వాదించకూడదు, చూపించాలి.

మీ విషయంలో మొదటి మెట్టు 26ఏఎస్, అంటే మీ పాన్ మీద జమైన పన్నుల పట్టిక. పోర్టల్‌లో తెరిచి ఆ టీడీఎస్ ఉందో లేదో చూడండి. లేకపోతే బ్యాంకు మీ పాన్ తప్పు రాసి ఉంటుంది, లేదా వాళ్ల టీడీఎస్ రిటర్ను వేసి ఉండదు. అప్పుడు సీపీసీకి ఎన్ని అర్జీలు పెట్టినా గోడకు చెప్పుకున్నట్టే. బ్యాంకు తన స్టేట్‌మెంట్‌ను దిద్దాలి. ఆ అంకె 26ఏఎస్‌లోకి వచ్చేదాకా ఆగండి. ఉంటే రెండో మెట్టు: బ్యాంకు టాన్ నంబరు (పన్ను కోసేవారికిచ్చే నంబరు), సొమ్ము, సంవత్సరం మీ రిటర్నులోని వాటితో అంకె అంకె పోల్చండి. టాన్‌లో ఒక్క అక్షరం తేడా పడినా కంప్యూటరు జత కలపదు.

అప్పుడు ఈ–ఫైలింగ్ పోర్టల్‌లో లాగిన్ అయ్యి సర్వీసెస్, అందులో రెక్టిఫికేషన్, అందులో న్యూ రిక్వెస్ట్. అసెస్‌మెంట్ ఇయర్ ఎంచుకున్నాక రకాలు వస్తాయి. మీ రిటర్నులో వివరాలన్నీ సరిగ్గా ఉంటే ‘రీప్రాసెస్’ చాలు. టాన్, సొమ్ము లాంటివి దిద్దాల్సి ఉంటే ‘ట్యాక్స్ క్రెడిట్ మిస్‌మ్యాచ్’ తీసుకోండి. ‘రిటర్న్ డేటా కరెక్షన్’ను ఊరికే ముట్టుకోవద్దు. అక్కడ పాత అంకెలు కదిలితే కొత్త చిక్కులు పుడతాయి. దిద్దించుకోవాల్సిన ఆర్డరు ఏ ఆర్థిక సంవత్సరంలో వచ్చిందో ఆ సంవత్సరం ముగిసిన దగ్గర్నుంచి 4 ఏళ్ల వరకు గడువుంది. అర్జీ అందిన నెల చివరి నుంచి 6 నెలల్లో దాని సంగతి తేల్చాలి. దిద్దడం వల్ల మీ పన్ను పెరిగేటట్టయితే ముందుగా నోటీసిచ్చి మీ మాట వినాలి. ఇవి చట్టంలో ఉన్నవే. మరో మాట: డిమాండు కనిపిస్తోంది కదా అని ఊరుకోకుండా, ‘అవుట్‌స్టాండింగ్ డిమాండ్’ దగ్గర ఒప్పుకోవడం లేదని కారణంతో సహా నమోదు చేయండి. లేకపోతే వచ్చే ఏడాది రిఫండ్‌లో అది కోతపడే అవకాశముంది.

ప్రశ్న: ట్రయల్ బ్యాలెన్స్ (డెబిట్, క్రెడిట్ మొత్తాలను సరిచూసే పట్టిక) 90 రూపాయల తేడాతో ఆగిపోయింది. రెండు రోజులుగా వెతుకుతున్నాను. – బీకాం విద్యార్థి, రాయపురం

జవాబు: 90ని 9తో భాగించండి, శేషం లేదు. అంకెలు తారుమారైన చోట పుట్టే తేడా ఎప్పుడూ 9తో పోతుంది. 540ని 450గా ఎక్కించారేమో చూడండి. సున్నా జారిపోయినా అంతే: 540 బదులు 54 వేస్తే తేడా 486, అదీ 9తో పోతుంది. తేడా 2తో పోతే దాని సగం సొమ్ము ఎదుటి పక్కన పడిందేమో చూడాలి. 250 వచ్చిన డిస్కౌంటును డెబిట్‌లో వేస్తే తేడా 500 వస్తుంది. తేడా సరిగ్గా 100, 1,000 లాంటిదైతే కూడికలో తప్పు జరిగి ఉంటుంది. ఈ మూడూ పనిచేయకపోతేనే మొదటినుంచి వెతకండి.

దొరికాక రబ్బరు పెట్టి చెరపకూడదు, వైట్‌నర్ పూయకూడదు. తప్పు అలాగే ఉండాలి, దాన్ని తిన్నగా చేసే పద్దు కింద పడాలి. అద్దె 540ని 450గా ఎక్కించి, తేడాను సస్పెన్స్ ఖాతాలో, అంటే తప్పు దొరికేదాకా ఉంచే తాత్కాలిక ఖాతాలో పెట్టారనుకుందాం. అద్దె ఖాతాకు డెబిట్ 90, సస్పెన్స్‌కు క్రెడిట్ 90. అమ్మకాల పుస్తకం మొత్తం 1,000 తక్కువ పడితే సస్పెన్స్‌కు డెబిట్, అమ్మకాలకు క్రెడిట్. అన్నీ దొరికాయనడానికి గుర్తు సస్పెన్స్ ఖాతా సున్నా కావడమే.

భయపడాల్సింది ట్రయల్ బ్యాలెన్స్ కలిసినప్పుడే. 8,500 పెట్టి కొన్న ఆఫీసు బల్లను సరుకు కొనుగోళ్లలో రాసేస్తే రెండు వైపులా చక్కగా కలుస్తుంది, లాభం మాత్రం తప్పుగా వస్తుంది. ఫర్నిచర్‌కు డెబిట్ 8,500, కొనుగోళ్లకు క్రెడిట్ 8,500 వేస్తే తీరుతుంది. దీనికి సస్పెన్స్‌తో పని లేదు. పరీక్షలో సగం మార్కులు పోయేది అక్కడ అనవసరంగా సస్పెన్స్‌ను లాగడం వల్లే.

ప్రశ్న: బైకు బ్యాటరీ నెలలో రెండుసార్లు దిగిపోయింది. మెకానిక్ ‘ఆర్‌ఆర్ యూనిట్ పోయింది, రెక్టిఫయర్ మార్చాలి’ అంటున్నాడు. అది ఏం సరిచేస్తుంది? నిజంగా పోయిందని ఎలా తెలుసుకోవాలి? – పాఠకుడు, అంబత్తూరు

జవాబు: ఆర్‌ఆర్ అంటే రెగ్యులేటర్–రెక్టిఫయర్, రెండు పనులు ఒకే డబ్బాలో. ఇంజను పక్కన తిరిగే మాగ్నెట్ పుట్టించేది ఏసీ కరెంటు, అది ముందుకూ వెనక్కూ దిక్కు మారుస్తూ ఉంటుంది. బ్యాటరీకి ఒకే దిక్కున వచ్చేదే పనికొస్తుంది. డయోడ్ ఒక దిక్కుకు దారి ఇచ్చి రెండో దిక్కుకు తలుపు మూసేస్తుంది. అలాంటి డయోడ్లను సరిగ్గా అమరిస్తే రెండు దిక్కుల కరెంటూ ఒకే దారిన బయటికి వస్తుంది. ఇక్కడ తప్పంటూ ఏమీ లేదు, అయినా మాట అదే. కరెంటును తిన్నగా నడిపించడమే కదా పని! రెగ్యులేటర్ ఆ వోల్టేజీ హద్దు దాటకుండా చూస్తుంది.

డబ్బా మార్చేముందు మల్టీమీటరు డీసీ 20 వోల్టుల మీద పెట్టి బ్యాటరీ కొనల మధ్య చూడండి. ఇంజను ఆపి ఉన్నప్పుడు, బాగా చార్జయిన బ్యాటరీ 12.5 దగ్గర చూపించాలి. స్టార్ట్ చేసి కొంచెం రేసు పెంచితే 13.8 నుంచి 14.5 మధ్య నిలబడాలి. ఎంత రేసు ఇచ్చినా 12 చిల్లర దగ్గరే ఉంటే చార్జింగ్ అందడం లేదు. 15 దాటి పైకి పోతుంటే రెగ్యులేటర్ భాగం పోయింది. బల్బులు మాటిమాటికీ కాలిపోవడం, బ్యాటరీ నీళ్లు ఇంకిపోవడం దాని గుర్తులే. ఇది ఎక్కువ ప్రమాదం, బండి అలాగే తిప్పవద్దు.

చార్జింగ్ అందడం లేదంటే నేరం ఆర్‌ఆర్‌దే కానక్కర్లేదు. ముందు దాని కప్లర్ (వైర్లు కలిపే ప్లగ్గు) ఊడదీసి పిన్నులు చూడండి. ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి కరిగి ఉంటే లూజు కనెక్షన్ అక్కడే వేడెక్కింది. చెన్నై వానల్లో నీళ్లు దిగిన కప్లర్లకు ఇది మామూలే. కొత్త యూనిట్ తెచ్చి అదే కాలిన కప్లర్‌కు తగిలిస్తే అదీ నెలకు పోతుంది. తర్వాత ఎర్త్ వైరు చాసిస్‌కు గట్టిగా పట్టిందో లేదో చూడండి. అటుపైన మాగ్నెట్ దగ్గరి కాయిల్ నుంచి వచ్చే వైర్లు. మూడు ఫేజుల బండ్లలో ఒకే రంగువి మూడుంటాయి. వాటిని రెండేసి చొప్పున ఏసీ వోల్టుల మీద కొలిస్తే మూడు జతలూ దాదాపు ఒకే అంకె చూపాలి. ఒక జత పడిపోయినా, ఇంజను ఆపి చూసినప్పుడు వాటిలో ఏదైనా బాడీతో కలిసి మీటరు బీప్ కొట్టినా పోయింది కాయిల్, రెక్టిఫయర్ కాదు.

ఇవన్నీ బాగుంటే అప్పుడు మెకానిక్ మాట నమ్మండి. కొత్తదాన్ని బిగించేటప్పుడు దాని రెక్కలకు గాలి తగిలేచోటే ఉంచమనండి. ఆ అల్యూమినియం రెక్కలు అందం కోసం కాదు, వేడి పోవడానికి.

రిచీ స్ట్రీట్‌లో విడిభాగాలు కొని ఇంట్లో పవర్ సప్లై కట్టుకునేవారు ఇదే చోట ఒక తప్పు చేస్తుంటారు. 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌కు నాలుగు 1ఎన్4007 డయోడ్లతో బ్రిడ్జి కట్టి, 16 వోల్టుల కెపాసిటర్ తగిలిస్తారు. 12 అనేది సగటు లాంటి అంకె, శిఖరం దానికి 1.414 రెట్లు, అంటే దాదాపు 17. దారిలో రెండు డయోడ్లు 1.4 తినేసినా 15.6 మిగులుతుంది. లోడు లేనప్పుడు ఇంకా పెరుగుతుంది. 16 వోల్టుల కెపాసిటర్ తల ఉబ్బి పోయేది అందుకే, 25 వోల్టులది వేయండి. అర ఆంపియరు లాగే పనికి 2,200 మైక్రోఫారడ్ల కెపాసిటర్ వేసినా రెండు వోల్టుల పైచిలుకు ఒడుదొడుకు మిగులుతుంది కాబట్టి రేడియోకైతే తర్వాత ఒక రెగ్యులేటర్ ఐసీ తప్పనిసరి. బ్రిడ్జిలో ఒక డయోడ్ తెగితే రేడియోలో గుయ్‌మనే మోత లావెక్కి వోల్టేజీ పడిపోతుంది. షార్టయితే ఫ్యూజు నిలవదు.

ప్రశ్న: రెక్టిఫైడ్ స్పిరిట్ అంటే ‘తప్పులు దిద్దిన’ స్పిరిటా? – పాఠకురాలు, టి.నగర్

జవాబు: ఒకరకంగా అంతే. ఒకసారి దించినదాన్ని మళ్లీ మళ్లీ బట్టీ పట్టి నీళ్లనూ మలినాలనూ వదిలించడాన్ని ఆ పనివాళ్లు రెక్టిఫై అనేవారు. మామూలు బట్టీలో ఎన్నిసార్లు దించినా బరువులో 95.6 శాతం దగ్గర ఆగిపోతుంది. ఆ పాళ్లలో ఆల్కహాలూ నీళ్లూ కలిసే మరిగి కలిసే ఆవిరవుతాయి. మిగతా నీళ్లు తీయాలంటే వేరే పద్ధతి కావాలి. ఇంట్లో ఉంటే పొయ్యికి దూరంగా పెట్టండి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ సంఘం నోటీసులో తేదీ తప్పు పడింది. సవరణ కాగితానికి శీర్షిక ఎర్రాటమ్ అనాలా, కొరిజెండమ్ అనాలా? తెలుగులో ఏమనాలి? – కార్యదర్శి, అన్నానగర్

జవాబు: ఎర్రాటమ్ అచ్చులో దొర్లిన తప్పు, కొరిజెండమ్ జారీ చేసినవారి తప్పు. వ్యవహారంలో ఈ తేడా చెరిగిపోయింది గానీ టెండర్లకూ నోటీసులకూ కొరిజెండమ్ అనే వాడుతున్నారు, మీరూ అదే వాడండి. తప్పు కాకుండా కొత్త విషయం చేరుస్తుంటే అది అడెండమ్. ఎర్రాటమ్‌కు బహువచనం ఎర్రాటా. ఒకే తప్పున్న కాగితం మీద ఎర్రాటా అని వేయడం మరో తప్పు.

తెలుగులో ఒక తప్పుకైతే ‘దిద్దుబాటు’ చాలు. పుస్తకం చివర వరుసగా వేస్తే ‘తప్పొప్పుల పట్టిక’. మదరాసు తెలుగు ముద్రణాలయాల నాటి నుంచీ వస్తున్న మంచి మాట అది, తప్పు ఒక గడిలో, ఒప్పు ఎదురు గడిలో. ప్రాచీన కావ్యాల పాఠాన్ని నాలుగు తాళపత్ర ప్రతులు పోల్చి దిద్దడం మాత్రం వేరే పని. దాన్ని ఇంగ్లిషులో ఎమెండ్ అంటారు, తెలుగులో పరిష్కరించడం. మీ నోటీసుకు అంత శ్రమ అక్కర్లేదు.

పాత నోటీసు తేదీ, తప్పు పడిన వరుస, ‘14వ తేదీ అని ఉన్నచోట 24వ తేదీ అని చదువుకోగలరు’, మిగతా విషయాల్లో మార్పు లేదన్న వాక్యం, సంతకం. నోటీసు బోర్డు మీద పాత కాగితం చింపకండి. కొత్తదాన్ని దాని పక్కనే అంటించండి, లిఫ్టు దగ్గర కూడా ఒకటి.